కంప మీద కూర్చున్నవాడు

ఇంగ్లీషులో నాకు తెలియని మాటలు చాలా ఉన్నాయి. వాటివల్ల నాకు ఎప్పుడూ ఏ నష్టమూ జరగలేదు. జరిగిన నష్టమంతా తెలుసు అనుకున్న ఒక్క మాటవల్లే.

మొన్న మా చెల్లెలి మనవడు బెంగుళూరు రోడ్డులో తోట కొన్నాడని అందరినీ భోజనాలకు పిలిచినాడు. తోట చుట్టూ తెల్లరంగు కొట్టిన చెక్క కంచె. భోంచేసి మజ్జిగ గ్లాసుతో బయటికి వస్తే, వాళ్ళ పిల్లవాడు ఆ కంచె మీదికెక్కి కాళ్ళు ఊపుకుంటూ కూర్చొని ఉన్నాడు. నా చేతిలో గ్లాసు జారిపోయింది. "ఒరే, దిగురా, ముండ్లు" అని అరిచినాను.

వాడు కంచెను అటూ ఇటూ తడిమి, "ముళ్ళెక్కడున్నాయి తాతా, నున్నగా ఉందే" అన్నాడు.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వకపోతే వయసు మీదికి తోసేస్తారు. నిజానికి తప్పు నా వయసుది కాదు, నా చిన్నతనానిది. కంచె మీద ఎవరైనా కూర్చున్నారంటే ఇప్పటికీ నా వీపు జలదరిస్తుంది. "సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్" అన్న మాటను నేను బడిలో నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనేది నా మాట. నిజం చెప్పాలంటే అది నాకు గుచ్చుకుంది.

ఆ మాటను నేను మెచ్చుకోలు అనుకున్నాను. మా నాయనను ఎవరో ఇంగ్లీషులో పొగిడినారనుకొని ఊరంతా చెప్పుకున్నాను. అంతకంటే పెద్ద పిచ్చిపని నా జన్మలో చేయలేదు, చేయడానికి ఎన్నో అవకాశాలు వచ్చినా.

మా ఊరు బెళుగుప్ప వైపు. రాళ్ళు విత్తకుండానే పండే నేల. మా వైపు కంచె అనే మాట పుస్తకాల్లోనే ఉండేది. మేము కంప అనేవాళ్ళం. తుమ్మకొమ్మలు, రేగుకొమ్మలు నరికి బండి మీద తెచ్చి, దొడ్డి చుట్టూ పేర్చి, పంగల కట్టెతో అదిమితే అదే కంప. ఎండిన కంపకు ఒక వాసన ఉంటుంది. పాత గోనెసంచి, మేకపిల్ల ఒళ్ళు, ఎండిన రేగుపండు, ఈ మూడూ కలిపినట్టు. అందులో సందు చేసుకొని పక్కింటి దొడ్లో దోసకాయలకు దూరడం మా చదువులో పెద్ద పాఠం. ఇంటికి వస్తే అవ్వ నన్ను గడప మీద పడేసి, నాయన సూదితో అరికాలి ముండ్లు తీసి జిల్లేడు పాలు పూసేది. "అంగీలు కుట్టే సూది నీ కాల్లోనే అరిగిపాయరా" అనేది.

నాయన దర్జీ. మా అంగడి పైగేరీ కిందిగేరీ కలిసే చోట ఉండేది, దాని వెనకే ఇల్లు. బండలు పరిచిన కప్పు, ముందర పొడుగాటి బండ అరుగు, లోపల మిషను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. మా ఇంట్లో మాత్రం నాయన కూర్చుంటేనే అందరమూ తినేది. పొద్దున సంగటి, శెనక్కాయల ఊరిబిండి తిని మిషను ముందు కూర్చుంటే, మళ్ళీ అవ్వ పిలిచేదాకా లేచేవాడు కాదు.

రెండు గేరీలంటే మాకు రెండు వీధులు కాదు, రెండు పార్టీలు. పైగేరి పెద్దాయనకూ కిందిగేరి పెద్దాయనకూ మధ్య కక్ష మా అవ్వ కాపురానికి వచ్చేనాటికే పాతది. దేనికి మొదలయిందంటే పైగేరిలో ఒక కథ, కిందిగేరిలో ఒక కథ. రెండు కథల్లోనూ ఒక ఎద్దు ఉండేది. ఎద్దు రంగు మాత్రం కలిసేది కాదు. ఊళ్ళో ప్రతివాడూ ఏదో ఒక పక్క. మా నాయన ఒక్కడే ఏ పక్కా కాదు. ఎవరైనా అడిగితే, "సూది గుడ్డకు రెండు పక్కలా పోతేనే అన్నా కుట్టు నిలబడేది" అనేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "సూదికి కన్ను ఒగటే. అది కూడా నెత్తి మీద. ముందర ఏముండాదో దానికి కనపడదు" అనేది.

ఆ యేడు వాన మొగం చూపలేదు. శెనక్కాయ చెట్టు చేతెడు లేచి, పూత పట్టకముందే మాడింది. బావుల్లో బురద కనబడి, తరవాత పగుళ్ళు కనబడినాయి. పనిలేని మగవాళ్ళు అరుగుల మీద కూర్చొని గాలికేసి చూసేవాళ్ళు. గాలి ఎర్రగా వీచేది. పనిలేనప్పుడు మనిషికి పాత పగలు గుర్తొస్తాయి. ఆ సంవత్సరం మా ఊళ్ళో అందరికీ చాలా గుర్తొచ్చినాయి.

ఒక సంత దినం. ఊరు ఊరంతా పక్కూరి సంతకు పోయింది. నాయన దారపు కండెలకూ గుండీలకూ తెల్లవారకముందే రోడ్డుకు నడిచి, బస్సెక్కి గుత్తికి పోయినాడు. పోతూ నాతో, "బడికి పోవద్దులే. అంగడి తెరిచి కూకో. ఎవరన్నా వస్తే నాయన ఇప్పుడే వస్తాడని చెప్పు" అన్నాడు. నేను రోజంతా కూర్చున్నాను. ఒక కుక్క వచ్చింది. నాయన వస్తాడని దానికి చెప్పినాను. ఇంకెవరూ రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఊరవతల ఎండిన వాగువంకలో కిందిగేరి మనిషిని ఒకాయనను వేటకొడవలితో నరికినారు. ప్రాణం పోలేదు గానీ కుడిచెయ్యి పోయింది. నరికింది పైగేరి పెద్దాయన తమ్ముడని నరికించుకున్నాయన చెప్పినాడు. పోలీసులు వచ్చినారు. అప్పుడు పైగేరి వాళ్ళు ఒక మాట అన్నారు: "మావోడు వంకలో యాడుండాడు? ఆ పొద్దు దర్జీ అంగట్లో అంగీకి కొలతలిస్తాండె. కావల్లంటే దర్జీని అడగండి."

అంగీ వాళ్ళది. అంగీకరించాల్సింది మా నాయన.

వచ్చినాడని చెబితే కిందిగేరి వాళ్ళు ఊరుకోరు. రాలేదంటే పైగేరి వాళ్ళు ఊరుకోరు. రెండు వైపుల నుంచీ పెద్దమనుషులు వచ్చి, మంచినీళ్ళు తాగి, "ఏమప్పా, కోర్టులో ఏం చెప్తావు" అని మెల్లగా అడిగిపోయేవాళ్ళు. నాయన ఇద్దరికీ ఒకే మాట, "కోర్టు పిలవనీ అన్నా, సూద్దాం." ఇంట్లో మాతో మాత్రం, "నేను గుత్తికి పోయిన మాట ఎవరితోనూ ఎత్తొద్దండి" అన్నాడు. ఆ దినం అంగట్లో కూర్చున్నది నేనేనని నాకు తెలుసు. అదెంత పెద్ద సంగతో మాత్రం తెలియదు. కుక్క తప్ప ఎవరూ రాని రోజు కూడా ఒక సంగతేనా అనుకున్నాను.

మా బడికి సర్కారు జిల్లాల నుంచి ఒక అయ్యవారు వచ్చి ఉన్నాడు. బట్టలకు గంజి, మాటకు పంచదార. ఆయన పైగేరిలో పెద్దాయన మిద్దెలో ఉండేవాడు, కిందిగేరి పాలు తాగేవాడు. ఇంగ్లీషు మాత్రం బాగా చెప్పేవాడు, కాదనను.

ఒకరోజు నల్లబల్ల మీద ఆ మాట రాసినాడు. "ఫెన్స్ అంటే ఏమిట్రా?"

"కంప సార్."

"కంచె అనాలి. సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్. కంచె మీద కూర్చోవడం. అంటే?"

నాకు ఆగలేదు. లేచినాను. "ముండ్లు గుచ్చుకోవా సార్?"

క్లాసంతా గొల్లుమంది. ఆయనకూ నవ్వొచ్చింది. "ఇది నానుడిరా అబ్బాయ్. దీనికి ముళ్ళుండవు. ఇద్దరు తగాదా పడుతున్నారనుకో. ఇటూ దిగకుండా అటూ దిగకుండా మధ్యలో కూర్చుంటాడు చూడు, అతను కంచె మీద కూర్చున్నట్టు. ఇప్పుడు, మన టైలర్ ఉన్నాడు చూడండి..." అన్నాడు. అని, ఎందుకో ఆపేసి, నల్లబల్ల తుడిచినాడు.

బల్ల తుడిచినాడు గానీ నా చెవులు తుడవలేదు కదా. మా నాయన! ఇంగ్లీషు పాఠంలో! మా వైపు కంప మీద కాకి కూడా చూసి వాలుతుంది. అలాంటి కంప మీద మా నాయన ఇటూ దిగకుండా అటూ దిగకుండా కూర్చొని ఉన్నాడంటే ఆయన ఎంతటివాడు అనుకున్నాను. ఇంటికి పరుగెత్తి అవ్వకు చెప్పినాను, "నాయన ఫెన్సు మీద కూకోనుండాడంట."

అవ్వకు సగమే వినబడింది. "పెన్సిలు మీదనా? ఇరిగిపోదూ?" అంది.

మరుసటి రోజు పైగేరి పెద్దాయన అంగీలు కుట్టడం అయితే, ఇచ్చిరమ్మని నాయన నన్ను పంపినాడు. పెద్దాయన అరుగు మీద మంచమేసుకొని ఉన్నాడు. మనిషి పొట్టి, గొంతు చిన్నది. ఆయన గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ అవసరం ఆయనకు రాలేదు.

"ఏం సదువుతాండావురా?"

"ఇంగ్లీసు. మా నాయన మాట కూడా ఉండాది దాంట్లో."

"మీ నాయన మాటా? ఏమని?"

చెప్పినాను. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. కంప మీద కూర్చొని ఉన్నాడని, ఏ పక్కా దిగడని, అయ్యవారే చెప్పినాడని. పెద్దాయన అంగీని మడతలు విప్పి, కాలరు చూసి, మళ్ళీ మడత పెట్టినాడు.  ఒక గేదె నెమరు వేస్తున్న చప్పుడు వినబడింది.

"బాగుండాదిరా ఇంగ్లీసు" అన్నాడు. "మీ నాయనకు నేను ఒక మాట చెప్పినానని చెప్పు. ఇది కరువు కాలం. కంప బాగా ఎండిపోయి ఉండాది. నిప్పు అంటుకుంటే, మీద కూకున్నోనికి దిగేకి పొద్దు ఉండదు."

ఆ మాటను నేను ఇంట్లో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పినాను, ఒక్క ముక్క పోకుండా. నాయన సంగటిముద్దలో వేలుతో గుంట చేసి ఊరిబిండి వేసుకుంటున్నాడు. వేలు ఆ గుంటలోనే ఉండిపోయింది. అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది, అప్పుడే అర్థమయ్యేది.

మరునాడు పొద్దున అంగడి తెరిచేసరికి అరుగు మీద ఒకాయన కూర్చొని ఉన్నాడు. పైగేరి పెద్దాయన మనిషి. మీసాలు పెద్దవి, కాబట్టి మాకు మీసాలాయప్ప.

"ఏమన్నా, ఏం కుట్టల్ల?" అన్నాడు నాయన.

"ఏమీ లేదు. ఊరికే కూకుందామని వచ్చినా."

పొద్దు గుంకేదాకా కూర్చున్నాడు. మరుసటి రోజు మళ్ళీ వచ్చినాడు. ఆ కబురు కిందిగేరికి చేరింది. ఆ మధ్యాహ్నమే అక్కడి మనిషి ఒకాయన వచ్చి, అరుగు ఆ చివర కూర్చొని బీడీ ముట్టించినాడు. ఆయన బీడీలాయప్ప. ఆయన కూడా ఊరికే కూర్చోవడానికే వచ్చినాడు.

కూర్చోవడంలో ఇన్ని రకాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. పెళ్ళిలో కూర్చోవడం వేరు, చావింట్లో కూర్చోవడం వేరు. వీళ్ళిద్దరూ కూర్చున్నది ఆ రెంటికీ మధ్యది. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నాయనతోనూ మాట్లాడరు. మీసాలాయప్ప తుండుగుడ్డ కింద ఏదో పొడుగ్గా ఉండేది. బీడీలాయప్ప గోనెసంచి కిందా ఉండేది. లోపల మిషను టకటకమని ఆడుతూ ఉంటే బయట ఆ ఇద్దరూ, తాళం వేసిన తలుపుకు రెండు రెక్కల మాదిరి. అంగడికి గిరాకీలు రావడం మానేసినారు. నాయన మాత్రం మిషను ఆపేవాడు కాదు. గుడ్డ లేకపోతే పాత గోనెపట్టా పెట్టి ఉత్తగా కుట్టేవాడు. చప్పుడు ఆగితే ఏమవుతుందోనని ఆయనకూ భయం, ఇంట్లో మాకూ భయం.

నాకు అనుమానం మొదలయింది. అయ్యవారిని బడి బయట పట్టుకున్నాను. "సార్, ఆ ఫెన్సు మాట మంచిదా, చెడ్డదా?"

ఆయన పైగేరి వైపు చూసినాడు. కిందిగేరి వైపు చూసినాడు. "ఏ మాట? నేనా? నేనేమీ అనలేదే" అన్నాడు. "పుస్తకంలో ఉందిరా. నేను చదివానంతే." గంజి పంచె సర్రుసర్రుమంటూ వెళ్ళిపోయినాడు. ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది. ఆయన పాఠంలో కంటే ఆయన నడకలో బాగా తెలిసింది.

ఒక మధ్యాహ్నం మా ఇంటి వెనక దొడ్డి కంప అంటుకుంది. ఎండిన తుమ్మకంప మండితే మెల్లగా మండదు, పటపటమని ఎవరో నవ్వినట్టు మండుతుంది. నీళ్ళు లేవు. అమ్మా, నాయనా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ చాటలతో ఇసుక పోసినారు. అవ్వ వేపరెబ్బతో నిప్పును కొట్టింది, తప్పు చేసిన పిల్లవాణ్ణి కొట్టినట్టు. నేను సాయానికి పిలుద్దామని అంగడి వైపు పరుగెత్తినాను. పొగ అరుగు దాకా వచ్చి ఉంది. మీసాలాయప్పా బీడీలాయప్పా కూర్చున్నచోటే కూర్చొని ఉన్నారు. తల కూడా తిప్పలేదు. అంతవరకూ నాకు భయం లేదు. అప్పుడు వచ్చింది. 

నిప్పు ఆరింది. ఇల్లు దక్కింది. నాయన చేతులకు మసితోనే వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. అమ్మ మా ఇద్దరికీ శెనక్కాయ బెల్లపుండలు తెచ్చి పెట్టింది. ఎప్పుడూ నోరు విప్పని మీసాలాయప్ప నా వైపు తిరిగినాడు. గొంతు మెత్తగా ఉంది.

"ఒరే పిల్లోడా. ఆ సంత దినం నువ్వు యాడుంటివిరా?"

బీడీలాయప్ప బీడీ నోట్లోంచి తీసినాడు. ఇద్దరి చూపూ మొదటిసారి ఒకే చోట కలిసింది. నా మీద.

నాకు జవాబు తెలిసిన ప్రశ్న. జవాబు తెలిసినప్పుడు చెయ్యెత్తడం నాకు అలవాటు. నోరు తెరిచినాను. తెరిచిన నోట్లో అమ్మ బెల్లపుండ కుక్కింది, మొత్తం ఉండ. ఊపిరాడలేదు.

నాయన మిషను ఆపకుండానే చెప్పినాడు. "యాడుంటాడన్నా. బళ్ళో ఉన్న్యాడు."

నాయన అబద్ధమాడగా నేను వినడం అదే మొదటిసారి. ఉండ నమలలేక, మింగలేక, కండ్లనీళ్ళు కారుతూ నిలబడినప్పుడు నాకు తెలిసింది. నాయన కోర్టులో నిజం చెప్పాలంటే, "ఆ దినం నేను అంగట్లో లేను, గుత్తికి పోయినాను" అనాలి. అంటే, "మరి అంగట్లో ఎవరున్నారు" అంటారు. అప్పుడు పైగేరికీ కిందిగేరికీ కావలసింది నాయన కాదు, నేను. నన్ను అటూ ఇటూ లాగకుండా ఉండడానికే ఆయన ఆ కంప మీద కూర్చొని ఉన్నాడు. ఆ ముండ్ల మీదే నేను గంతులేసి, చూడండి మా నాయన అని ఊరికంతా చూపించినాను.

నేను ఆ రోజు బళ్ళో లేనని బళ్ళో పిల్లలందరికీ తెలుసు. రెండు గేరీల పిల్లలూ ఉన్నారు అందులో. అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుందో నాయనకు తెలుసు.

మరుసటి పొద్దున మిషను చప్పుడు లేదు. అరుగు మీది ఇద్దరూ లోపలికి తొంగి చూసినారు.

"ఏమయింది?"

"మిసను కూకునింది అన్నా" అన్నాడు నాయన. తల గోక్కుంటూ, చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూపించినాడు. అది కదల్లేదు. కదలడానికి ఉండవలసిన చిన్న ఇనుపముక్క అప్పటికే అమ్మ కొంగుముడిలో ఉంది. "గుంతకల్లుకు ఎత్తకపోయి బాగు చేయించల్ల. పోయి వస్తా."

"ఎప్పుడొస్తావు?"

"అది లేస్తే నేనూ వస్తా."

మీసాలాయప్ప అవ్వ వైపు చూసినాడు. అవ్వ గడప మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. ముందటి సాయంత్రం అమ్మ ఎంత బతిమాలినా రానంది. "అందరమూ పోతే ఎనకాలే వస్తారు. నేను ఈడ కూకోనుంటే, ముసల్దాన్ని ఇడిసి యాడికి పోతారులే అనుకుంటారు. గమ్మున పోండి" అంది. ఇప్పుడు వాళ్ళతో అంది, "కోడలు పుట్టినింటికి పోవల్లంటాంది. పోనీ అప్పా. నాకు ఒక్కదానికైతే పొయ్యి పని తగ్గుతాది."

మిషను బరువు. బండిలోకి ఎత్తాలంటే ఒకరి వల్ల కాదు. నాయన అటు మీసాలాయప్పను చూసినాడు, ఇటు బీడీలాయప్పను చూసినాడు. "రవ్వంత చెయ్యి ఎయ్యండన్నా" అన్నాడు. ఒకాయన తుండుగుడ్డ పక్కన పెట్టి, ఒకాయన గోనెసంచి పక్కన పెట్టి, చెరొక పక్క పట్టుకొని మా మిషనును బండిలోకి ఎక్కించినారు. పైగేరీ కిందిగేరీ కలిసి చేయగా నేను కంటితో చూసిన పని అదొక్కటే. ఎత్తినాక ఇద్దరూ పోయి మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు.

బండి కదిలింది. కాలిన కంప పక్కనే పోయినాము. ఎవరూ ఏడవలేదు. అవ్వ చెయ్యి ఊపలేదు. ఊపితే మనం రామని తెలిసిపోతుంది అన్నది అమ్మ, చాలా దూరం పోయినాక.

గుంతకల్లులో నాయన ఆ ఇనుపముక్కను మిషనుకు బిగించి, స్టేషను రోడ్డులో రైలువాళ్ళ బట్టలు కుట్టడానికి కూర్చున్నాడు. మనసులో మాత్రం రోజూ అవ్వ గడప మీదే ఉండేవాడు. వానలొచ్చి, పోయి, మళ్ళీ చలి మొదలైనాక ఒకరోజు అవ్వే దిగింది, ఊరగాయ జాడీ చంకన పెట్టుకొని.

"కేసు లేదు, గీసు లేదు" అంది, నీళ్ళన్నా తాగకముందే. "రాజీ అయిపోయినారు. పైగేరి పెద్దాయన కూతుర్ని కిందిగేరికి ఇస్తాండారు. ఇద్దరూ పక్కపక్కన కూకోని పొట్టేలు కూర తిన్న్యారు. చెయ్యి పోయినోనికి ఎడంచేత్తో తినేది నేర్పిస్తాండారు."

నాయన ఆమె చంకలోని జాడీ అందుకొని కింద పెట్టినాడు. "మరి ఆ అరుగు?" అని అడిగినాడు.

"మీసాలోడూ బీడీలోడూ ఆడనే కూకుంటాండారు. అలవాటయింది కదా. ఇప్పుడు మాట్లాడుకుంటాండారు."

మేము ఆ ఊరికి మళ్ళీ పోలేదు. ఎవరూ పోవద్దనలేదు. అదే అసలు సంగతి, మమ్మల్ని పొమ్మన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఈమధ్య ఆ వైపు నుంచి వచ్చినాయన చెప్పినాడు, ఇప్పుడక్కడ కంపలు లేవట, అంతా ఇనుపతీగె. మా అంగడి పోయిందట, అరుగు బండ మాత్రం ఉందట. ఎండిన తుమ్మకంప వాసన కావాలనిపిస్తే ఇప్పుడు నాకు దొరికే చోటు లేదు. అది ఒక్కటీ ఇంకా నా దగ్గర ఉన్నట్టు, అప్పుడప్పుడూ ముక్కు నాతో అబద్ధమాడుతుంది.

అయ్యవారి సంగతి చెప్పకుండా ముగిస్తే నాకు నిద్ర పట్టదు.

నాకు మీసాలు వచ్చి, నాయన పక్కన రెండో మిషను మీద కూర్చునే రోజుల్లో, ఆయన గుంతకల్లుకు బదిలీ అయి వచ్చినాడు. పంచెలు మానేసి ప్యాంట్లకు దిగినాడు. మా అంగడే వెతుక్కుంటూ వచ్చినాడు. "మీ నాన్నగారు జ్ఞానిరా" అన్నాడు నాతో. "నేను అప్పుడే క్లాసులో చెప్పాను, గుర్తుందా?"

"గుర్తుంది సార్" అన్నాను.

ప్యాంటు నేనే కుట్టినాను. మంచి గుడ్డ, బూడిదరంగు. కూర్చునే చోట, లోపలి మడతలో, తుమ్మముల్లు ఒకటి పెట్టి, మొన మాత్రం ఒంటికేసి చూసేటట్టు పొందిగ్గా కుట్టేసినాను. ఆ పొద్దు మధ్యాహ్నం నాయన దానికి ఇస్త్రీ చేసినాడు. ఆయన చెయ్యి ఆ మడత దగ్గర ఆగింది. వేలితో తడిమి చూసినాడు. నా వైపు చూసినాడు. తరవాత ఇస్త్రీపెట్టెను ఆ చోటు చుట్టూ తిప్పుకొని, జాగ్రత్తగా పక్క నుంచి పోనిచ్చినాడు.

సాయంత్రం అయ్యవారు లోపల ప్యాంటు తొడుక్కొని వచ్చి అద్దంలో చూసుకున్నాడు. నడిచి చూసినాడు. చాలా బాగుందన్నాడు.

"కూర్చొని చూడండి సార్" అన్నాను. "కూర్చుంటేనే కదా కుట్టు సంగతి తెలిసేది."

ఆయన బల్ల మీద నిండుగా కూర్చున్నాడు. కూర్చున్నంత వేగంగా లేచినాడు. సగం లేచి, వెనక చెయ్యి పెట్టుకొని, నిలబడాలో కూర్చోవాలో తెలియక మధ్యలో ఆగిపోయినాడు.

"ఏమిట్రా ఇది?"

"ఫెన్సు సార్. మా వైపు దానికి ముండ్లుంటాయి."

నాయన తల ఎత్తలేదు. మిషను ఆపి, దారాన్ని పంటితో తెంపి, మెల్లగా అడిగినాడు.

"యా పక్కకు దిగుతారు సామీ?"